పరికిపొద నియమావళి

చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవ అని పెద్దలు ఊరికే అనలేదు. హరితనగర్ కాలనీలో ముళ్ళపొదల నియమావళి రాసింది ఎవరయ్యా అంటే పున్నారావు. దానికింద మొట్టమొదట నలిగింది ఎవరయ్యా అంటే ఆ పున్నారావే. ఈ సంగతి ఇంకొకరు చెబితే ఎగతాళి అనుకోవచ్చు గానీ, ఇప్పుడు పున్నారావే కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుని నవ్వుతున్నాడు గనక మనమూ నిర్భయంగా చెప్పుకోవచ్చు.

హరితనగర్ పల్నాడు వైపు ఒక పట్టణంలో ఊరి చివర ఉంది. పున్నారావు ఒక సర్కారు ఆఫీసులో హెడ్ గుమస్తా, కాలనీ సంక్షేమ సంఘానికి కార్యదర్శి. ఆయన రాసిన డ్రాఫ్టులో చీమ దూరే సందు కూడా ఉండదని ఆఫీసులో పేరు. ఆ పేరు ఆయన తలకి బాగానే ఎక్కింది. ఇంట్లో భార్య శేషారత్నం ఉప్పు తెమ్మంటే "ఉప్పు అనగా?" అని మొదలుపెట్టే రకం.

రెండేళ్ళ కిందట పట్నం నుంచి నూలు సంచీ భుజాన వేసుకుని ఒక ప్రకృతి ప్రేమికుడు వచ్చి కాలనీ హాల్లో ఉపన్యాసం ఇచ్చాడు. మీరు పెంచుకుంటున్న క్రోటన్లూ కాగితప్పూలూ పరాయి దేశాలవి, వాటిమీద ఒక్క పిట్ట వాలదు, ఒక్క పురుగు బతకదు, మన నేలకి మన పొదలున్నాయి, పరికి ఉంది, వాక్కాయ ఉంది, గచ్చపొద ఉంది, పెరట్లో ఏదో ఒక మూల ఒక పొదని బతకనివ్వండి అన్నాడు. పాపం, ఆయన చెప్పినదాంట్లో వంక పెట్టడానికేమీ లేదు. కానీ సంఘం అధ్యక్షుడు ధర్మారావు గారు ముందు వరసలో కూర్చుని ఉన్నారు. ఆయన ఏదో శాఖలో డిప్యూటీ డైరెక్టరుగా చేసి రిటైరయ్యారు. అది ఏ శాఖో అడిగే ధైర్యం కాలనీలో ఇంతవరకు ఎవరికీ లేదు. ఆయన లేచి, ఈ మహత్తర ఆశయాన్ని ఒక మూలకి పరిమితం చేయడం సంఘం ప్రతిష్ఠకి భంగకరమని, ప్రతి గృహమూ తన ముఖద్వారం వద్ద ఒక స్వదేశీ ముళ్ళపొదను సగర్వంగా ధరించాలని ప్రకటించారు.

పక్క ఖాళీ స్థలంలో పరికి కంప ఏపుగా పెరిగి ఉండేది. దాన్ని జేసీబీ పెట్టి వేళ్ళతో సహా పెళ్ళగించి, చదును చేసి, అక్కడ "స్వదేశీ ముళ్ళపొదల ప్రదర్శన వనం" అని బోర్డు నాటారు. తర్వాత గోదావరి జిల్లా నర్సరీ నుంచి కుండీల్లో పరికి మొక్కలు తెప్పించారు. మరి ఆ పీకేసినవి కూడా పరికే కదండీ అని పున్నారావు అమాయకంగా అడిగాడు. అవి అనధికారిక పొదలని ధర్మారావు గారు సెలవిచ్చారు. పున్నారావుకి ఆ మాట ఎంత నచ్చిందంటే, వెంటనే రాసుకున్నాడు.

నియమావళి రాసే బాధ్యత ఆయన మీదే పడింది. ఆ రాత్రి శేషారత్నం అన్నం వడ్డించి రెండుసార్లు పిలిచినా లేవలేదు. ప్రతి ఇంటి గేటు పక్కనా ఒక పొద ఉండాలన్నది మొదటి నియమం. కత్తిరింపుకి సంఘం అనుమతి కావాలన్నది రెండోది. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. పున్నారావు గొప్పతనం ఆ తర్వాత వాటిల్లో ఉంది. పొద ఏ దిక్కుకి పెరగాలో నిర్ణయించుకునే హక్కు పొదకే ఉండును. పొదలో పిట్ట గూడు కట్టు అవకాశం ఉన్నంతవరకు దానిని తాకరాదు. కత్తెరలు, కొడవళ్ళు సంఘం ఆఫీసులో అప్పగించవలెను. ముల్లు పొదలో అంతర్భాగం, అది ఎక్కడ ఉన్నను పొదకే చెందును, అనుమతి లేనిదే దానిని ఉన్నచోటినుండి తొలగించరాదు. ఈ "ఎక్కడ ఉన్నను" అన్న మాట తట్టినప్పుడు పున్నారావు తన వీపు తానే తట్టుకోబోయాడు గానీ చెయ్యి అందలేదు.

ఎవరూ పట్టించుకోకపోయినా బీడులో బతికే చెట్టు పరికి. దానికి కాలనీ జనం వర్మీకంపోస్టు వేశారు. జీవామృతం పోశారు. సన్నగొట్టాలు పెట్టి చుక్కచుక్కగా నీళ్ళిచ్చారు. ఆ మర్యాదకి అది ఉబ్బి తబ్బిబ్బయింది. రెండు వానాకాలాలు తిరిగేసరికి పున్నారావు ఇంటి పొద గేటెక్కి, గేటు దాటి, అవతల స్తంభాన్ని అందుకుంది. పరికి ముల్లు కొక్కెంలా వంకర తిరిగి ఉంటుంది. గుచ్చుకోవడం సుళువు, వదలడం ఉండదు. పాలబ్బాయి ప్యాకెట్టు విసిరితే అది ముల్లుకి గుచ్చుకుని పాలన్నీ పొద మొదట్లోకి కారేవి. పాలు పోసి పెంచుతున్న ఏకైక గృహమని సంఘం సమావేశంలో పున్నారావుని అభినందించారు. శేషారత్నం ఆ నెలంతా కాఫీ లేకుండా తిరిగింది.

ఇక పున్నారావు ఆఫీసుకి వెళ్ళడం ఎట్లాగంటే, పెరటి గోడకి స్టూలు వేసుకుని అవతల సందులోకి దిగడమే. హెడ్ గుమస్తా గోడ దూకుతుంటే చూసిన కుక్కలు మొదట్లో మొరిగేవి, తర్వాత అలవాటు పడ్డాయి. మొత్తం కాలనీ అంతా అట్లాగే ఉంది. చిరిగిన పంచె గౌరవచిహ్నమైపోయింది. చిరగని చొక్కాతో ఎవరైనా మీటింగుకి వస్తే వీడి పొదకి ఏమైందోనని అనుమానంగా చూసేవారు. ధర్మారావు గారి కుడిచేతి చూపుడువేలికి మాత్రం ఎప్పుడు చూసినా గుడ్డకట్టు ఉండేది. గోరుచుట్టు అనేవారు.

ఇట్లా ఉండగా పున్నారావుకి అరవై నిండబోతున్నాయి. షష్టిపూర్తి చేసుకోవాలని శేషారత్నం పట్టుబట్టింది. సరేనన్న పున్నారావు ఒక్కటే షరతు పెట్టాడు, కోటమ్మక్క రావాలి, హారతి ఆమే ఇవ్వాలి.

కోటమ్మ ఆయనకి పన్నెండేళ్ళు పెద్ద. తల్లి పోయాక బడి మానేసి పొయ్యి దగ్గర కూర్చుని తమ్ముణ్ణి పెంచింది. చేలల్లో తిరిగి కాలికి ముల్లు గుచ్చుకుని ఏడుస్తూ వస్తే, పాదం ఒళ్ళో పెట్టుకుని, మెళ్ళో గొలుసుకున్న పిన్నీసు తీసి, ఏవో కబుర్లు చెబుతూ నొప్పి తెలియకుండా లాగేసేది. అటువంటి అక్క ఈ కొత్త ఇంటికి ఇంతవరకు రాలేదు. ఎప్పుడు పిలిచినా కంది కోతలనో గేదె ఈనిందనో ఏదో ఒకటి చెప్పేది. ఈసారి మాత్రం ఫోనులో వస్తానంది. షష్టిపూర్తికి వారం ముందే వచ్చి పనుల్లో సాయం చేస్తానంది. అక్క రాకపోతే తనకి అరవై నిండినా ఒకటే, నిండకపోయినా ఒకటే అనుకున్న పున్నారావు చిన్నపిల్లాడిలా సంబరపడిపోయాడు.

ఆమె వస్తానన్న రోజు పొద్దుగూకినా రాలేదు. ఏమైందోనని పున్నారావు గోడ దూకి, సందు చుట్టి తన ఇంటి ముందుకే వచ్చి చూశాడు. పొదలో ఒక ముల్లుకి గుడ్డ సంచి వేలాడుతోంది. అందులో కందులు, ఒక గోంగూర పచ్చడి జాడీ ఉన్నాయి. జాడీ మూతకి వాసెన కట్టిన ముడి చూడగానే అది ఎవరి చేతి ముడో ఆయనకి తెలిసిపోయింది.

ఫోను చేస్తే కోటమ్మ ఎత్తింది. అప్పటికే ఊరు చేరింది.

"నీ ఇంటి దాకా వచ్చానయ్యా. గుమ్మానికి అడ్డంగా కంప చూసి తిరిగొచ్చా."

తాను పుట్టిన ఊరి సంగతి అప్పుడు గుర్తొచ్చింది పున్నారావుకి. వాళ్ళ ఊళ్ళో దారికి అడ్డంగా కంప వేస్తే ఇటు నడవొద్దని అర్థం. ఇంటి ముందు వేస్తే చుట్టరికం చాలించుకున్నామని, మా గడప తొక్కొద్దని అర్థం. నోరు తెరిచి ఎవరూ చెప్పరు, అడగరు. ఇంతా తెలిసి పుట్టిన మనిషి రెండేళ్ళుగా ఆ కంపకి ఎరువు వేస్తున్నాడు.

అది కంప కాదక్కా, మొక్క, మేం పెంచుకుంటున్నామని గడగడా చెప్పాడు.

"అదే చూశా. కంప వేసినోళ్ళని చూశాగానీ, కంపకి పైపు పెట్టి నీళ్ళు పోసేవాళ్ళని ఎక్కడా చూళ్ళేదు. నేను రాగూడదని అంత కష్టపడాలా అయ్యా? ఫోన్లో ఒక మాట చెప్తే పోయేదిగా."

కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అంది. పచ్చడి పాడవకముందే జాడీలోంచి తీసి పెట్టుకోమని కూడా చెప్పి పెట్టేసింది. శేషారత్నం అంతా విని, ముల్లు వచ్చి ఆకు మీద పడినా, ఆకు వెళ్ళి ముల్లు మీద పడినా చిరిగేది ఆకేనండీ, పొదకేం, అది బాగానే ఉంది అని లోపలికి వెళ్ళింది.

తెల్లవారగానే పున్నారావు పొద కత్తిరింపుకి అనుమతి కోరుతూ అర్జీ రాసుకున్నాడు. అర్జీ కార్యదర్శికి పెట్టుకోవాలి. కార్యదర్శి తనే. తన అర్జీ తనే అందుకుని, దాని మీద తనే "పరిశీలనార్థం" అని రాసి అధ్యక్షుల వారికి పంపుకున్నాడు. ఆ సంతకం పెడుతుంటే చేతికి ఎప్పటిలా ఉత్సాహం రాలేదు.

ధర్మారావు గారు మున్సిపాలిటీ నుంచి జీవవైవిధ్య పరిశీలకుడు నీలాచలం గారిని పిలిపించారు. ఆయన లోపలికి రావడానికి వీల్లేక రోడ్డు మీదే నిలబడి, దుర్భిణితో పొదని అటూ ఇటూ గంటసేపు పరికించారు. పిట్ట ఉందాండీ అని పున్నారావు గోడ మీదనుంచి అడిగాడు.

"ప్రస్తుతం పిట్ట లేదన్నది వాస్తవం," అన్నారు నీలాచలం గారు. "అయితే పిట్ట లేకపోవడాన్ని పిట్ట రాకపోవడంగా పరిగణించజాలము. తమరు రాసిన నియమంలో 'అవకాశం ఉన్నంతవరకు' అని స్పష్టంగా ఉంది. అవకాశం లేదని పిట్టల పక్షాన ఎవరైనా ధ్రువీకరిస్తే ఆలోచించవచ్చు. చాలా పకడ్బందీ వాక్యమండీ. రాసినవారిని అభినందించాలి."

పున్నారావు గోడ మీద కూర్చునే నమస్కారం పెట్టాడు. జీవితంలో ఒక అధికారి తన డ్రాఫ్టుని మనస్ఫూర్తిగా మెచ్చుకోవడం అదే మొదటిసారి.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. సమస్య పొదలో లేదని, సందర్శకురాలి అవగాహనలో ఉందని తేల్చింది. సదరు సోదరీమణికి ముళ్ళపొద ఆప్యాయతకే తప్ప బహిష్కరణకి చిహ్నం కాదని తెలియజెప్పేందుకు ఒక సుహృద్భావ ప్రతినిధి వర్గాన్ని పంపాలని తీర్మానించింది. పున్నారావు తానూ వస్తానన్నాడు. అర్జీదారు గనక నిష్పాక్షికత దెబ్బతింటుందని వద్దన్నారు. అది కూడా ఆయన రాసిన నియమమే.

ప్రతినిధి వర్గమంటే ధర్మారావు గారు, నీలాచలం గారు, ఒక కారు. సాయంత్రానికి విజయోత్సాహంతో తిరిగొచ్చారు. కార్యక్రమం దిగ్విజయమైందని, సోదరీమణి గారు ఆద్యంతం మౌనంగా విని తమ సమ్మతిని వ్యక్తం చేశారని ధర్మారావు గారు చెప్పారు. తర్వాత ఫోనులో ఫోటో చూపించారు. కోటమ్మ ఇంటి గడప ముందు, సరిగ్గా మధ్యలో, ఒక పరికి మొక్క నాటి ఉంది. పక్కన రేకు బోర్డు ఉంది. దానిమీద "తమ్ముడు పున్నారావు గారి సౌజన్యంతో" అని రాసి ఉంది. ఆ బోర్డు పక్కన కోటమ్మ చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని, ఎవరో చనిపోయిన ఇంట్లో నిలబడ్డట్టు నిలబడి ఉంది.

పున్నారావు ఆ బోర్డు మీద తన పేరు రెండుసార్లు చదువుకున్నాడు. అక్క తన ఇంటికి రాకుండా కంప వేసింది చాలక, అక్క ఇంటికి మనుషుల్ని పంపి మరీ కంప వేయించాడు. పైగా పేరు రాయించి. పగవాడు కూడా ఇంత శ్రద్ధగా చెయ్యడు.

మర్నాడు మొదటి బస్సుకి ఊరు వెళ్ళాడు. కోటమ్మ పంచలో కూర్చుని చింతకాయలు దంచుతోంది. గడప ముందు మొక్క అట్లాగే ఉంది. దాన్ని దాటలేక ఆమె పెరటి దారినే తిరుగుతోందని చుట్టుపక్కలవాళ్ళు చెప్పారు. పీకెయ్యకపోయావా అక్కా అన్నాడు పున్నారావు.

"వేసినోడే తియ్యాల," అంది కోటమ్మ రోలు మీదనుంచి తల ఎత్తకుండా. "ఇంకోళ్ళు తీస్తే తీసినట్టు కాదు. ఈ ఊళ్ళో కంప వేసినోళ్ళు చానామంది ఉన్నారు గానీ పేరు రాసి వేసింది నువ్వొక్కడివే."

పున్నారావు కింద కూర్చుని రెండు చేతులతో మొక్కని పట్టుకున్నాడు. సంఘం వాళ్ళు బాగా లోతుగా నాటారు. నాలుగైదు సార్లు గుంజితే గానీ రాలేదు. అరచేతుల నిండా ముళ్ళు దిగాయి. బోర్డు కూడా పీకి మోకాలికేసి వంచాడు. కోటమ్మ లోపల్నించి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన చేతుల మీద పోసింది. చేతుల్ని చూసింది గానీ ముట్టుకోలేదు.

"అక్కడిది కూడా నీ చేత్తోనే తియ్యి. అప్పుడొస్తా."

ఇంటికి వచ్చాడు. పొద తియ్యడానికి కొడవలి లేదు. కాలనీ కొడవళ్ళన్నీ సంఘం ఆఫీసులో ఉన్నాయి, తాళంచెవి ధర్మారావు గారి దగ్గర ఉంది. అంత పకడ్బందీగా రాసిన ఆ మహానుభావుణ్ణి మనసులో నాలుగు తిట్టాడు. మిగిలింది శేషారత్నం కత్తిపీట ఒక్కటే. అది నియమావళిలో లేదు. రాసినప్పుడు వంటింటి వైపు చూసి ఉంటే అదీ ఉండేదే.

మధ్యాహ్నం ఎండలో హెడ్ గుమస్తా పున్నారావు తన గేటు లోపల కత్తిపీట వేసుకుని దానిమీద కూర్చున్నాడు. పొద కొమ్మని ఒక్కొక్కటే వంచి ముందుకి లాక్కుని, వంకాయలు తరిగినట్టు తరగడం మొదలుపెట్టాడు. మా అమ్మ పెట్టిన పీటండీ అని శేషారత్నం ఒక్కసారి అంది. ఆపైన తనే గోనెపట్టా తెచ్చి తెగిన కొమ్మల్ని ఈడ్చి పక్కన వేసింది. కాలనీ అంతా మేడల మీదనుంచి చూసింది. దీపాలు పెట్టే వేళకి గేటు తెరుచుకుంది. రెండేళ్ళ తర్వాత దాని కీచుమన్న చప్పుడు విని మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

షష్టిపూర్తి రోజు ఉదయం పంతులు గారు పీటలు వేయించి కూర్చున్నారు. సంఘం సభ్యులంతా వచ్చారు. అతిథులుగా వచ్చారా, విచారణ సంఘంగా వచ్చారా అన్నది వాళ్ళకే తేలలేదు. అక్షింతలు ఒక చేత్తో, అభియోగ పత్రం ఒక చేత్తో పట్టుకుని ధర్మారావు గారు వసారాలో నిలబడ్డారు. పొదను సమూలంగా నిర్మూలించిన సభ్యుడు అదే స్థలంలో పది పొదలు నాటి పోషించవలెనన్న నియమాన్ని గంభీరంగా చదివి వినిపించారు. ఇదెవరు రాశారండీ అని పంతులు గారు ఆశ్చర్యపోయారు. పున్నారావు ధోవతి అంచు సర్దుకున్నాడు.

అప్పుడు కోటమ్మ వచ్చింది. గేటు దగ్గర ఆగి, నరికిన మొదలు వైపు చూసింది. లోపలికి నాలుగడుగులు వేసి తమ్ముడి దగ్గరికొచ్చి ఆయన రెండు చేతులూ తిరగేసి చూసింది. వాచిపోయి, ముళ్ళు నల్లగా లోపలే ఉన్నాయి. ముహూర్తం దాటిపోతోందమ్మా అన్నారు పంతులు గారు. ఉండనీండయ్యా అని ఆమె వసారా మెట్టు మీద కూర్చుని మెళ్ళో గొలుసుకున్న పిన్నీసు తీసింది. ముల్లును ముల్లుతోనే తీయాలని శాస్త్రం, కాబట్టి ఒక స్వదేశీ ముల్లు తెప్పిస్తానని నీలాచలం గారు ముందుకొచ్చారు. పిన్నీసుంది, చాల్లే అంది కోటమ్మ.

ధర్మారావు గారు అంతసేపూ ఆమె చేతిలోని పిన్నీసు వైపే చూస్తున్నారు. అభియోగ పత్రం మడిచి జేబులో పెట్టుకున్నారు. కుడిచేతి చూపుడువేలి గుడ్డకట్టు మెల్లగా విప్పుకుంటూ మెట్టు దగ్గరికి వచ్చారు.

"అమ్మా," అన్నారు, మొదటిసారి మామూలు మనిషి గొంతుతో. "ఇది గోరుచుట్టు కాదు. ముల్లే. రెండు నెలలైంది. రాత్రిళ్ళు నిద్ర ఉండటల్లేదు."

అది విన్నాక నీలాచలం గారు చొక్కా చెయ్యి పైకి లాగారు. ఆయన వెనక కోశాధికారి, ఆయన వెనక మేడమీదనుంచి నిన్న చూసినవాళ్ళు, ఒక్కొక్కరే చేతులూ మోచేతులూ మడమలూ చాపుకుంటూ వచ్చి నిలబడ్డారు. వరస గేటు దాటి రోడ్డు మీదకి పాకింది. కోటమ్మ ఇంతమందిని చూసి విస్తుపోయింది. ఇన్నాళ్ళూ తీసుకోకుండా ఏం చేస్తన్నారయ్యా అని అడిగింది.

ధర్మారావు గారు తల వంచుకుని, ముల్లు ఎక్కడ ఉన్నా అది పొదదేనని, అనుమతి లేకుండా ఉన్నచోటినుంచి తీయకూడదని తమ నియమావళిలో ఉందని చెప్పారు.

"ఒంట్లో దిగిన ముల్లు కూడానా?" అంది కోటమ్మ. "ఎవడు రాశాడా మాట?"

వరసంతా పున్నారావు వైపు చూసింది. పంతులు గారు చూశారు. శేషారత్నం చూడలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పున్నారావు రెండు చేతులూ చాపుకుని అక్క ముందు ఐదేళ్ళ పిల్లాడిలా కూర్చుని ఉన్నాడు.

"నేనే అక్కా."

కోటమ్మ పిన్నీసు కొన కొంగుతో తుడుచుకుంది.

"అట్టాగా. అయితే నీయి ఆఖర్న తీస్తాలే, అటు జరుగు," అని ధర్మారావు గారి వేలు ఒళ్ళోకి తీసుకుంది.